నలభై ఏడో కాగితం వెనక

సోమవారం మధ్యాహ్నం బాలశౌరి తన బల్ల సొరుగును మూడోసారి పూర్తిగా బయటికి లాగి, అందులో ఉన్నవన్నీ బల్లమీద పరిచాడు. గుండుసూదుల డబ్బా, సిరాబుడ్డి, ఎర్రదారం ట్యాగుల కట్ట, జిగురు సీసా, అరిగిపోయిన రబ్బరు స్టాంపులు రెండు. కాగితం లేదు. కుర్చీ కింద చూశాడు. చెత్తబుట్ట వంచి చూశాడు. నడుము ఎత్తేసరికి వెన్నులోంచి చల్లగా ఏదో జారినట్టయింది. జూన్ నెల బెజవాడలో ఒంటికి చల్లదనం తగలడం అదే మొదటిసారి.

లేచి టైపిస్టు పద్మావతమ్మ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"పొద్దున మీరు టైపు చేసిన డ్రాఫ్టు మీ దగ్గరే ఉందా అండీ?"

"ఏ డ్రాఫ్టండీ?"

"జీతాల మీద."

పద్మావతమ్మ వేళ్లు మిషను మీద ఆగిపోయాయి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది పర్వతాలరావుగారు పట్టుకెళ్లారు కదండీ. మీరు పోస్టాఫీసుకెళ్లిన అరగంటలోనే ఎం.డి.గారి జీపొచ్చింది. కింద హారను మోగుతుంటే నేను రోలర్లోంచి కాయితం లాగేలోపే ఫెయిరు కాపీ, దాని కింద మీ డ్రాఫ్టు, అన్నీ కలిపి ట్యాగు కట్టేశారు. నంబర్లు కూడా ఆయనే వేశారు. మీ డ్రాఫ్టు నలభై ఏడు."

బాలశౌరి ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

నలభై ఏడుతో భయం లేదు. దాని ముందు వైపున్నది పై అధికారులు రాయమన్నట్టుగా రాసిన జవాబే. భయమంతా దాని వెనకవైపు ఉంది.

గవర్నర్‌పేటలో ఓ బట్టల హోల్‌సేలు కొట్టు పైన రెండంతస్తుల్లో ఉన్న ఆ ఆఫీసు డెల్టా గిడ్డంగుల సంస్థది. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా రైతుల ధాన్యం దాచే ప్రభుత్వ సంస్థ అది. బాలశౌరి అందులో సిబ్బంది వ్యవహారాలు చూసే సెక్షనుకు సూపరింటెండెంటు. యాభై మూడేళ్లవాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోనివాడు. పది రోజుల క్రితం, ప్రభుత్వం వేసిన ఒక కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ సంస్థల్లో పెద్ద అధికారుల జీతాలకు గరిష్ఠ పరిమితి పెట్టాలా, పెడితే అట్టడుగు ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లు ఉండాలి, సంస్థ అభిప్రాయం తెలపమని. పాలనాధికారి పర్వతాలరావు దాన్ని బాలశౌరికి ఇచ్చి, "బి.ఏ. చదివినవారు, మీరే ఓ డ్రాఫ్టు పెట్టండి" అన్నాడు. ఎలా పెట్టాలో చెప్పలేదు. అభిప్రాయం అడిగారు కదా అని బాలశౌరి అభిప్రాయం రాశాడు. పరిమితి ఉండాలి, ఎనిమిది రెట్లు చాలు, అని.

పర్వతాలరావు నాలుగు వాక్యాలు చదివి కళ్లజోడు తీసేశాడు. "ఇదేంటండీ బాలశౌరిగారూ! ఎం.డి.గారి జీతం కొయ్యమని ఎం.డి.గారి సంతకంతోనే పంపమంటారా? చింపి పారెయ్యండి. పరిమితి అక్కర్లేదని రాయండి."

బాలశౌరి చింపలేదు. ఆ ఆఫీసులో కాగితం చింపడం అలవాటు లేదు. కాగితం కరువు వచ్చిన ఏడాది నుంచీ ఒక సర్క్యులరు అమల్లో ఉంది. ఒకవైపు వాడిన ప్రతి కాగితానికీ రెండోవైపు డ్రాఫ్టులు రాయాలి. పాతరాతను అడ్డంగా ఒక గీతతో కొట్టెయ్యాలి. అలా అతను అదే కాగితం తిప్పి, వెనకవైపు 'పరిమితి అక్కర్లేదు' అని రాశాడు. అదే ముందువైపు అయింది. గీత మాత్రం కొట్టలేదు. తను రాసిన మాటలు తనకే బాగున్నాయి, అంతే. టైపయ్యాక డ్రాఫ్టు తన దగ్గరికే వస్తుంది, సరిచూసి, శుభ్రంగా వేరే కాగితం మీద ఎత్తి రాసి ఫైల్లో పెడదాం, ఇది ఇంటికి పట్టుకుపోదాం అనుకున్నాడు.

"మీరు వెనకవైపు చూశారా అండీ?" అని అడిగాడు.

"చూశానండీ. రెండుసార్లు చదివాను." పద్మావతమ్మ మిషనులో కొత్త కాగితం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఎనిమిది రెట్లన్నారు. పది అనుంటే కాస్త మర్యాదగా ఉండేది."

"అమ్మా..."

"నేనేం చూళ్లేదు. మా ఇంట్లో కూడా చెప్పను. వెళ్లి కాసిని మంచినీళ్లు తాగండి. మొహం సున్నం కొట్టినట్టుంది."

ఎమర్జెన్సీ వచ్చి సరిగ్గా ఏడాది కావస్తోంది. ఆఫీసు గోడమీద 'మాటలు తక్కువ, పని ఎక్కువ' అని రాయించారు. బాలశౌరి ఉండే పటమటలో, పక్కవీధి లెక్చరర్ని రెండు నెలల క్రితం ఎవరో వచ్చి పిలుచుకుపోయారు. ఎప్పుడొస్తాడని ఎవరూ అడగలేదు. ఆయన భార్య వీధి కుళాయి దగ్గరికి వస్తే అక్కడున్న బిందెలు పక్కకు జరిగేవి, మాటలు ఆగిపోయేవి. ఆఫీసులో ఇంకో రకం భయం ఉంది. యాభై దాటినవాళ్ల పేర్లు ఒక జాబితాగా తయారవుతున్నాయి. పనికిరారనుకున్నవాళ్లను ప్రజాహితం దృష్ట్యా ఇంటికి పంపుతున్నారు. ఏప్రిల్లో అకౌంట్సు రత్తయ్యకు అలాగే ఒక శుక్రవారం సాయంత్రం కవరొచ్చింది. మూడు నెలల జీతం, ఒక పేజీ ఉత్తర్వు. రత్తయ్య ఆ కవరు చేత్తో పట్టుకుని, మెట్లెక్కడున్నాయో మర్చిపోయినట్టు వరండాలో అటూ ఇటూ తిరిగాడు. జాబితాలో బాలశౌరి పేరు కూడా ఉంది. పేరుండటం వేరు, పేరు పక్కన కారణం దొరకడం వేరు. ఆ కారణం ఇప్పుడు ఎర్రదారంతో కట్టి, సొంత దస్తూరితో ఎం.డి. చేతికి అందింది.

ఉద్యోగం పోతే ఇంట్లో తనూ, తనకన్నా ఏడేళ్లు పెద్దదైన అక్క సంపూర్ణమ్మా. భార్య అమలమ్మ పోయి మూడేళ్లయింది. ఆస్పత్రికి తెచ్చిన అప్పు ఇప్పుడిప్పుడే తీరుతోంది.

మంచినీళ్ల కుండ దగ్గర అటెండరు కొండలయ్య కూర్చుని బీడీ చెవిలో దోపుకుంటున్నాడు. నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున ఉండే పల్లెవాడు. అన్నదమ్ములంతా వేటకు పోతారు. ఇతనొక్కడికే పడవెక్కితే వాంతులు. అందుకని ప్రభుత్వోద్యోగం చేస్తున్నానని తనే చెప్పుకుంటాడు.

"కొండలయ్యా, ఎం.డి.గారికి పంపిన ఫైలు ఎక్కడుంది?"

"కాలవగట్టు గెస్టౌసులోనండి, ఎం.డి.గారి మకాం అక్కడే కదండి. నేనే మోసుకెళ్లి పెట్టొచ్చాను. ఆరు ఫైళ్లు."

"మళ్లీ వెళ్తావా అక్కడికి?"

"సాయంత్రం టీ ఫ్లాస్కు పట్టుకెళ్లాలండి. ఏం సార్?"

బాలశౌరికి మాట నోటిదాకా వచ్చింది. ఒక్క ఫైలు, అందులో ఒక్క కాగితం. ఫ్లాస్కు సంచిలో మడిచి పెడితే ఎవరికీ కనపడదు. కొండలయ్య కాదనడు. పోయిన వర్షాకాలంలో కొండలయ్య పిల్లదానికి టైఫాయిడ్ వస్తే, సెలవు లేకపోయినా సెలవున్నట్టు రాసింది బాలశౌరే. అది గుర్తుంచుకునే మనిషి. అందుకే అడగకూడదు. దొరికితే తనకు పింఛనైనా మిగలొచ్చు. వీడికి ఏం మిగులుతుంది?

"ఏం లేదులే" అన్నాడు.

కొండలయ్య అతని మొహం చూసి, గ్లాసు తొలిచి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. "తాగండి సార్. నిదానంగా. గాలివాన వచ్చేటప్పుడు మావోళ్లు కూడా ఇలాగే ఉంటారు. ఒడ్డుకొచ్చాక నవ్వుతారు."

"ఒడ్డుకు రానివాళ్లు?"

"ఆళ్లు ఎలాగున్నారో చూసినోడు లేడు కదండీ!"

ఆ మాటకు నవ్వు రాకపోయినా, నీళ్లు మాత్రం గొంతు దిగాయి.

ఐదింటికి పర్వతాలరావు గది తలుపు తీసి, తల బయటపెట్టి పిలిచాడు. "రేపు పదింటికి ఎం.డి.గారు మనిద్దర్నీ రమ్మన్నారండీ. గెస్టౌసుకి. జీతాల ఫైలు గురించట. ఏమై ఉంటుందంటారు?"

"తెలీదండి" అన్నాడు బాలశౌరి. ఇరవై తొమ్మిదేళ్లలో పై అధికారి మొహం మీద చెప్పిన మొదటి అబద్ధం అదేనేమో.

సిటీ బస్సులో పటమట దాకా నిలబడే వెళ్లాడు. తన స్టాపు దాటిపోతుంటే కూడా చూసుకోలేదు. రోజూ చూసే కండక్టరే విజిలు వేసి బస్సాపి, "మాస్టారూ, ఇల్లు ఇక్కడే కదా, మార్చారా?" అన్నాడు. అతన్ని కండక్టరు ఎప్పుడూ మాస్టారనే అంటాడు. ఆ పిలుపుకీ, ఆపిన బస్సుకీ కళ్లు చెమ్మగిల్లినంత పనయింది.

సంపూర్ణమ్మ గోంగూర పచ్చడీ, మజ్జిగపులుసూ వడ్డించింది. తమ్ముడు ముద్ద కలుపుతూ అలాగే ఉండిపోతే కాసేపు చూసి, "పచ్చడి కారంగా ఉందా, ఆఫీసు కారంగా ఉందా?" అంది.

చెప్పాడు. మొత్తం విని ఆమె విసనకర్ర ఆపింది.

"ఆళ్లు అడిగారు, నువ్వు రాశావు. తప్పేంటి?"

"అడిగింది నన్ను కాదక్కా. సంస్థని."

"సంస్థ నోరు ఎక్కడుంటుందిరా? నీబోటివాళ్లు రాస్తేనే కదా దానికి నోరు!" అని, మళ్లీ భయపడి, "కిటికీ వెయ్యి" అంది. కిటికీ వేశాక ఉక్కపోత పెరిగింది. ఇద్దరూ చెమటలు కక్కుతూ జపమాల చదివారు. గుణదల మాత కొండకు చెప్పుల్లేకుండా నడిచొస్తానని సంపూర్ణమ్మ మొక్కుకుంది. "నీ మోకాళ్లకి ఆ మొక్కెందుకక్కా" అంటే, "మోకాళ్లున్నది దేనికిరా" అంది.

మంగళవారం జీపులో పర్వతాలరావు పక్కన కూర్చున్నాక బాలశౌరికి ఇక దాచడం చేతకాలేదు. బందరు కాలవ వంతెన దాటేలోపు నిజం చెప్పేశాడు.

పర్వతాలరావు మొదట అర్థంకానట్టు చూశాడు. తర్వాత డ్రైవరు వినకుండా అతని చెవిదగ్గరికి వంగాడు. "ఆ కాయితం మీదే నా పొట్టి సంతకం కూడా ఉందండీ! ముందువైపు నేను సంతకం పెడితే, వెనకవైపు కూడా నేను చూసినట్టేగా! చింపమన్నానా లేదా?"

"అన్నారండి."

"చింపమంటే చింపాలండీ! ఆ పొదుపు సర్క్యులరు ఎవడు పాటిస్తున్నాడు, మీరు తప్ప?" రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కాసేపాగి, "అసలు మీరు చెప్పింది జరిగితే ఏమవుతుందో ఆలోచించారా? పెద్ద జీతం లేకపోతే పెద్ద చదువున్నవాడు ఇటువైపు వస్తాడా? ఆ సిమెంటు ఫ్యాక్టరీలకీ, పొగాకు కంపెనీలకీ పోతాడు. మనకి మిగిలేది ఎవరు? గుడివాడ గోదాములో తేమ చూడటం రానివాడు ఏం చేశాడో మర్చిపోయారా? ఆరువేల బస్తాలు మొలకలెత్తాయి."

"నిజమేనండి" అన్నాడు బాలశౌరి. అది నిజమే. ఆ మొలకల వాసన అతనికి గుర్తుంది.

"ఎనిమిది రెట్లంటే ఎంతవుతుంది?"

"కాపలాదారుకు నూట తొంభై. ఎనిమిది రెట్లంటే పదిహేను వందల ఇరవై."

పర్వతాలరావు పెదాలు కదిపాడు. "అయితే నా జీతం..."

"మీది పద్నాలుగొందలండి. మీకు తగ్గదు. ఇంకో నూట ఇరవై దాకా పెరగొచ్చు."

పాలనాధికారి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అదొకటి మాత్రం న్యాయంగానే రాశారు" అని గొణిగి, వెంటనే అటువైపు తిరిగి కూర్చున్నాడు.

గెస్టుహౌసు వరండాలో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. కృష్ణ కాలవల్లోకి కొత్తనీళ్లు వదిలారు. బురదరంగు నీళ్లు చెత్తాచెదారం మోసుకుంటూ కిందికి పోతున్నాయి. బాలశౌరి ఆ నీళ్లనే చూస్తూ, పిలిచినప్పుడు తన కాళ్లు లేస్తాయా లేవా అని ఆలోచించాడు. పిలిచారు. లేచాయి.

ఎం.డి. నలభై ఏళ్ల మనిషి. చొక్కా చేతులు మడిచి, ఎదురుగా ఫైలు తెరిచి పెట్టుకుని ఉన్నాడు. నలభై ఏడో కాగితం వెనక్కి తిప్పి ఉంది. ఇంకా ఆశ మిగిలి ఉంటే, అది అక్కడితో అయిపోయింది.

"ఈ దస్తూరి ఎవరిది?"

పర్వతాలరావు ముందుకొచ్చాడు. "సర్, అది చిత్తుకాయితం సర్. పాతది. ఎవరో ఏదో రాసి పారేసింది. మావాడు పొదుపు కోసం దాని వెనక..."

"నేనాయన్ని అడుగుతున్నాను."

పర్వతాలరావు చూపిన దారి ఎదురుగా తెరిచే ఉంది. చిత్తుకాగితం. ఎవరిదో. ఒక్క మాట చాలు. ఎవరిదో అంటే, ఆ ఎవరో ఎవరని రేపు వెతుకుతారు. తన సెక్షన్లో ఉన్నది ఆరుగురు గుమస్తాలు. అబద్ధానికి కూడా ధైర్యం కావాలి. అంత ధైర్యం తనకు లేదనిపించింది.

"నాదేనండి" అన్నాడు. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, ఎం.డి. లేచి చప్పుడు చేస్తున్న టేబులు ఫ్యాను వేగం తగ్గించి, దాన్ని అతనివైపు తిప్పాడు.

"చదవండి. చివరి పేరా."

ట్యాగు విప్పి కాగితం చేతికిచ్చాడు. అది చేతిలో రెపరెపలాడింది, ఫ్యాను గాలి ఇటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదనుకున్నాడు బాలశౌరి. చదివాడు.

"'పెద్ద జీతం లేనిచో పెద్ద ఉద్యోగి నిజాయితీగా ఉండజాలడని ఒక వాదన కలదు. మన అవనిగడ్డ గిడ్డంగి కాపలాదారు ఏసుపాదం నెలకు నూట తొంభై రూపాయలతో, రాత్రిపూట ఒంటరిగా, పదకొండు లక్షల రూపాయల ధాన్యమునకు కావలి ఉన్నాడు. పన్నెండేళ్లలో ఒక్క బస్తా తగ్గలేదు. పెద్ద ఉద్యోగి నిజాయితీకి నెలకు మూడువేలు అవసరమైనచో, ఏసుపాదమునకు ఆ మూడువేలు ఎవరు ఇచ్చుచున్నారు? అవసరము లేనిచో, పైవారికి ఎందుకు ఇచ్చుచున్నాము?'"

చదవడం అయిపోయింది. పర్వతాలరావు నేలకేసి చూస్తున్నాడు. బయట ఎవరో తోటమాలి బక్కెట్టు పెట్టిన చప్పుడు.

"నాతో చదివినవాడు ఒక సిగరెట్ల కంపెనీలో ఉన్నాడు" అన్నాడు ఎం.డి. "ఏడువేలు. పోయిన నెల నన్నూ రమ్మన్నాడు. నేను వెళ్లిపోతే నా కుర్చీలోకి పదిహేను వందలకు వచ్చేవాడు ఎలాంటివాడై ఉంటాడో చెప్పగలరా?"

"చెప్పలేనండి."

"మంచివాడు రావచ్చా?"

"రావచ్చండి. రాకపోవచ్చు కూడా."

"మరి ఇంత గట్టిగా రాశారే!"

"అడిగారు కదా అని రాశానండి" అన్నాడు బాలశౌరి. "తప్పయితే మన్నించండి. పర్వతాలరావుగారికి దీంతో సంబంధం లేదు. ఆయన చింపెయ్యమనే అన్నారు."

ఎం.డి. చెయ్యి చాపాడు. బాలశౌరి కాగితం ఇచ్చాడు. ఆయన ఆకుపచ్చ సిరా కలం మూత తీసి, చివరి పేరా కింద 'చూశాను' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. ఫెయిరు కాపీ మీద కూడా, 'పరిమితి అక్కర్లేదు' అన్నదాని కింద, అదే కలంతో అదే సంతకం పెట్టాడు.

"ఈ ఫెయిరు కాపీ కమిటీకి వెళుతుంది. మీరు వెళ్లిరండి" అన్నాడు. కోపంగా అన్నాడో, మామూలుగా అన్నాడో చెప్పడానికి లేదు. తలుపు దగ్గర ఉండగా, "జాబితా శుక్రవారం చూస్తాను" అన్నాడు. అది పర్వతాలరావుతో అన్నమాటే. విన్నది మాత్రం ఇద్దరూ.

తిరుగుదారంతా ఆ ఒక్క మాట మీదే చర్చ.

"'చూశాను' అంటే ఏంటండీ అర్థం?" అన్నాడు బాలశౌరి.

"పైవాడు చూశానని రాస్తే, కిందివాడు ఎవడూ దాని జోలికి రాకూడదని. మంచిదే."

"మరి మీ మొహం అలా ఉందేంటండీ?"

"చూశాను అని రాసి, తర్వాత చేసేది చేసినవాళ్లని కూడా చూశానండీ" అన్నాడు పర్వతాలరావు.

బుధ, గురువారాలు ఎలా గడిచాయో బాలశౌరికి తెలియదు. అన్నం పళ్లెంలో ఎండిపోయేది. పద్మావతమ్మ రోజూ తన డబ్బాలోంచి రెండు అరిసెలో, ఒక చక్కిలమో తెచ్చి, ఏమీ అనకుండా అతని బల్లమీద పెట్టిపోయేది. శుక్రవారం నాలుగున్నరకు మెట్ల మీద కొండలయ్య చెప్పుల చప్పుడు వినిపించింది. రత్తయ్యనాడు కూడా అదే చప్పుడు. గది మొత్తం కలాలు ఆగిపోయాయి. కొండలయ్య చంకలో ఫైళ్లు, చేతిలో ఒకటే కవరు. దారిలో ఉన్న బల్లలన్నీ దాటుకుంటూ వచ్చి బాలశౌరి ముందు నిలబడ్డాడు.

"మీకేనండి" అన్నాడు. కవరు ఇస్తూ వేళ్లు వదలలేదు. "సార్, పల్చగా ఉందండీ. రత్తయ్యగారిది లావుగా ఉంది."

చింపాడు. ఒకటే వాక్యం. బాలశౌరి విషయంలో నిర్ణయం వాయిదా వేయడమైనది, డిసెంబరులో అతని పని తీరుతో, సంబంధిత కాగితాలతో తిరిగి పరిశీలనకు పెట్టవలసినది.

తీసెయ్యలేదు. వదిలెయ్యనూ లేదు. ఆరు నెలలు. బాలశౌరి ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. 'సంబంధిత కాగితాలు' అన్నచోట ప్రతిసారీ కళ్లు ఆగాయి. పద్మావతమ్మ దూరం నుంచే కనుబొమలెగరేసి అడిగింది. అతను చేత్తో సైగచేశాడు, ఫరవాలేదన్నట్టు, అంటే అలా అనుకోవడానికి వీలున్నట్టు.

కొండలయ్య తెచ్చిన ఫైళ్లలో అడుగున జీతాల ఫైలుంది. జవాబు కమిటీకి వెళ్లిపోయింది. ఫైలు మూసి రికార్డు గదికి పంపవచ్చునని ఎం.డి. రాశాడు. నలభై ఏడో కాగితం ఉన్నచోటే ఉంది.

ఐదింటికి అందరూ వెళ్లాక పర్వతాలరావు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి తెల్లకాగితం తీసి ముందు పెట్టాడు.

"ముందువైపు రాసింది దీనిమీద ఎత్తి రాసెయ్యండి. నేను మళ్లీ పొట్టి సంతకం పెడతాను. నలభై ఏడని నంబరేసి కట్టేద్దాం. పాతది ఇంటికి పట్టుకెళ్లి పొయ్యిలో పెట్టుకోండి. డిసెంబర్లో ఎవడైనా ఫైలు తీస్తే వెనక తెల్లగా ఉంటుంది."

"ఎం.డి.గారి సంతకం ఉంది కదండీ దానిమీద."

"ఆయన డిసెంబరు దాకా ఉంటాడని ఏంటండీ? సిగరెట్ల కంపెనీ రమ్మంటోందన్నాడుగా! రేపొచ్చేవాడు ఇది చదివితే మీ గతేంటి? నా గతేంటి?" చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా తనని అదలించిన ఆ చెయ్యి కూడా తన చెయ్యిలాగే వణుకుతోందని బాలశౌరి గమనించాడు. జాలేసింది.

కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. 'ఈ సంస్థ అభిప్రాయములో పెద్ద అధికారుల జీతములకు గరిష్ఠ పరిమితి...' రెండు పంక్తులు రాశాడు. దస్తూరి ఎప్పట్లా గుండ్రంగా వచ్చింది. ఇలాంటి పంక్తులు ఇరవై తొమ్మిదేళ్లలో ఎన్ని వేలు రాశాడో లెక్కలేదు. అన్నీ ఎవరో ఒకరు చెప్పినవే. రాయమన్నది రాయడం తప్పని అతనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. కానీ రికార్డు గదిలో ఉన్న అన్ని కట్టల్లోనూ అతను సొంతంగా చెప్పిన మాట ఆ ఒక్క కాగితం వెనకే ఉంది. అవనిగడ్డ ఏసుపాదం పేరు జీతాల పట్టీలో కాకుండా, ఒక మనిషి పేరుగా రాసి ఉన్నది కూడా అక్కడే. ఆ పేరు కిందనే ఎం.డి. చూశానని రాశాడు. ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. చూశాడు, అంతే. ఇంకెవరైనా చూడాలంటే అది అక్కడ ఉండాలి.

కలం పక్కన పెట్టేశాడు.

"ఏమండీ?" అన్నాడు పర్వతాలరావు.

"ఉండనివ్వండి."

"భయం లేదా మీకు?"

"ఉందండి. చాలా ఉంది."

"మరి?"

బాలశౌరి ఫైలు మూసి అట్ట మీది గడి వైపు చూశాడు. మూసే ప్రతి ఫైలు మీదా, దాన్ని ఎన్నేళ్లు దాచి తగలెయ్యాలో సూపరింటెండెంటే రాయాలి. మామూలు ఉత్తరప్రత్యుత్తరాలకు ఏడాది. కాస్త ముఖ్యమైనవాటికి పదేళ్లు. భూముల పత్రాలు, ఉత్తర్వులు శాశ్వతం.

"ఏడాది అని వెయ్యండి" అన్నాడు పర్వతాలరావు, బతిమాలుతున్నట్టు. "కనీసం అదైనా చెయ్యండి. వచ్చే జూనుకి బూడిదైపోతుంది. డిసెంబరొక్కటీ గట్టెక్కితే చాలు."

అది బుద్ధిమంతుడి సలహా. శాశ్వతం అని రాసే గుండె బాలశౌరికి లేదు. ఏడాది అని రాయడానికి చెయ్యి ఒప్పుకోలేదు. తన సర్వీసు ఇంకా నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ ప్రతి శుక్రవారం ఇలాగే ఉంటుంది కాబోలు, మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా. ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు, తను ఈ కుర్చీలో లేకపోయినా, ఏ కుర్రగుమస్తానో ఇంకేదో వెతుకుతూ ఈ కట్ట విప్పవచ్చు.

గడిలో 'పదేళ్లు' అని రాసి, తేదీ వేశాడు.

పర్వతాలరావు నిట్టూర్చి లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. "ఆ నూట ఇరవై సంగతి... అది కూడా అందులోనే రాశారా?"

"రాయలేదండి. జీపులో చెప్పిందే."

"పోన్లెండి" అని మెట్లు దిగాడు.

బాలశౌరి ఫైలు కట్టి, తాళాలు వెయ్యడానికి వరండాలో కాచుకున్న కొండలయ్యకు ఇచ్చాడు. రికార్డు గది తాళం తీసిన చప్పుడు, బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు, మళ్లీ తాళం పడిన చప్పుడు విన్నాడు. అప్పుడు గానీ కుర్చీలోంచి లేవలేకపోయాడు.